సున్నాల స్క్రిప్టు

పంజగుట్టల మా ఆఫీసు మూడో అంతస్తు. నేను ప్రొబేషన్‌ల ఉన్న. ఇంకో వారం ఆగితే పర్మనెంట్ లెటర్. గా వారమే నా కొంప ముంచబోయింది.

చెవుల పెట్టుకునే వినికిడి మిషన్‌కు చిప్పు చేస్తున్నం. చిప్పు లోపల పెట్టే మెమరీ రెండు కంపెనీలది వచ్చింది. ఏది తక్కువ కరెంటు తింటదో కొలిచి చెప్పుడు నా పని. మొదటిదే చానా తక్కువ తింటదని టేబుల్ చేసిచ్చిన. మా లీడ్ మేడమ్ దాన్ని కస్టమర్‌కు పంపింది. మూడు గంటలకు మీటింగు, అండ్ల ఆ మెమరీ ఖాయం.

మీటింగు రోజు పొద్దుగాల టీ తాగుకుంట, సిగ్నళ్లు గీతల లెక్క కనబడే వేవ్‌ఫారం ఊరికే తెరిచి చూసిన. మెమరీకి పోయే డేటా గీతలన్నీ కదలకుంట పండుకొని ఉన్నయ్. మొదటిదానికి నేను వాడింది అమీర్‌పేట కోచింగ్ నోట్స్‌ల టెస్టు స్క్రిప్టు. అది ప్రతి గడిల సున్నా రాసి, సున్నానే చదువుతది. బిట్టు మారకుంటే కరెంటు ఏం ఖర్చయితది? రెండోదాన్నేమో ఆ కంపెనీ ఇచ్చిన టెస్టుతోని నడిపిన, దాంట్ల డేటా మారుతనే ఉంటది. ఒకన్ని కూసోబెట్టి, ఇంకొకన్ని ఉరికించి, ఎవనికి చెమట ఎక్కువ పట్టిందని చూసినట్టు! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పక్క సీటు అన్నకు చూపించిన. ఆయన సుత అదే కోచింగ్ సెంటర్ సరుకు.

"జర ఊకో చెల్లె. ఎవడు చూస్తడు? ముందుగాల లెటర్ రానియ్" అన్నడు.

నిజం చెప్తున్న, అరగంట ఊకున్న. టిఫిన్ డబ్బా మూత సుత తియ్యబుద్ధి కాలే. ఇగ ఆగలేక, రెండిటికీ ఒకటే డేటా ఇచ్చి మళ్ల నడిపిన. రెండుంబావుకు రిజల్టు వచ్చింది. మొత్తం ఉల్టా! మొదటిదే ఎక్కువ తింటున్నది.

ఉరికిపోయి మేడమ్‌కు చెప్పిన. ఆమెది కాకినాడ. "ఏంటమ్మా, ఇప్పుడా చెప్పేది?" అని గయ్యిమన్నది. స్క్రిప్టు తెరిపించి చూసి, కుర్చీల కూలబడ్డది.

"ఇదెక్కడిది?"

"అమీర్‌పేట నోట్స్‌లది, మేడమ్."

"అవి రాసింది నేనే. ఆదివారాలు అక్కడ పాఠాలు చెప్పేదాన్ని. ల్యాబ్ తొందరగా అయిపోవాలని సున్నాలు పెట్టాను. మెమరీ నడుస్తుందో లేదో చూసుకోడానికే గానీ, కరెంటు కొలవడానికి కాదమ్మా!"

మీటింగుల మేడమే లెక్క తప్పని చెప్పింది. కస్టమర్ మొఖం ఎర్రగైంది. "ఎవరు చేసిండ్రు ఈ టెస్టు?" అని అడిగిండు.

"నేనే" అన్నది మేడమ్. నా దిక్కు కన్నెత్తి సుత చూడలే.

సున్నాలు ఆమెవే కావొచ్చు, కండ్లు మూసుకొని నడిపింది నేను. నోరు తెరుద్దామనుకున్న. వారంల వచ్చే లెటర్ యాదికొచ్చింది. తెరవలే.

లెటర్ వచ్చింది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్ల అందరికీ మైసూర్‌పాక్ పంచిన, నేను మాత్రం ముక్క ముట్టలే. కస్టమర్ పట్టుబట్టి, లెటర్ వచ్చిన రోజే మేడమ్‌ను ప్రాజెక్టు నుంచి తీసేయించిండు. లెటర్ కింద సంతకం ఆమెదే. ఆ ప్రాజెక్టుల ఆమె పెట్టిన ఆఖరి సంతకం అది.