తప్పు చెప్పేవాళ్ళు లేని ఇల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరం కలిసి ఒకే మనిషికి అబద్ధం చెప్పేవాళ్ళం. ఆ మనిషి మా చిన్నాయన, అంటే మా నాన్న తమ్ముడు. అబద్ధం కూడా పెద్దదేం కాదు, ఒక్క మాట. ఆయన గిటార్ ఒళ్ళో పెట్టుకుని కాసేపు వాయించి ఎట్లుందని అడిగేవాడు. మేం బాగుందనేవాళ్ళం. చిన్నపిల్లనే అయినా, బాగాలేదని నాకు తెలుస్తూనే ఉండేది. పాపం అనిపించి అనేదాన్ని. అందరూ అందుకే అనేవాళ్ళు.

మాది పోచంపల్లి వైపు మగ్గాల కుటుంబం. నాన్న మగ్గం వదిలేసి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల కొట్టు పెట్టాడు. కింద కొట్టు, పైన మేము, ఆ పైన డాబా మీద రేకుల గది. ఆ గది చిన్నాయనది. ఇప్పుడు ఆ రోడ్డు మీద మెట్రో పోతోంది, పక్కన నిలబడ్డ మనిషి మాట వినపడి చస్తే కదా! అప్పుడైతే చిన్నాయన డాబా మీద గిటార్ వాయిస్తే, అవతల బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తలెత్తి చూసేవాళ్ళు. పగలంతా కొట్లో చీరలు మడతపెట్టడం, సాయంత్రాలు పెళ్ళిళ్ళకీ వినాయక చవితి పందిళ్ళకీ ఆర్కెస్ట్రాలో వాయించడం, ఇదీ ఆయన బతుకు. మడతపెట్టడంలో ఆయనకు ధ్యాస ఉండేది కాదని నాన్న రోజూ సణిగేవాడు.

ఆ ఆర్కెస్ట్రాలోంచి ముగ్గురు ప్రతి ఆదివారం మా డాబా ఎక్కేవాళ్ళు. ఒకరు వనస్థలిపురం పెద్దాయన. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి, చిన్నాయనకు గిటార్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఇంకొకరు ఎల్‌బీ నగర్ అన్న, అందరిలోకీ చిన్నవాడు, రెండో గిటార్ వాయించేవాడు. మూడో ఆయన తబలా. పెద్దాయన సొంతంగా కట్టిన ట్యూన్ ఒకటుండేది. దానికి పాటగాడు అక్కర్లేదు, తబలా అక్కర్లేదు, ఒక్క గిటార్ చాలు. బొటనవేలు లావు తీగల మీద ఆగకుండా నడుస్తుండాలి. చిటికెన వేలు పోను మిగతా మూడు వేళ్ళూ సన్న తీగల మీద పాట పలికించాలి. కళ్ళు మూసుకుని వింటే ఇద్దరు వాయిస్తున్నట్టుండాలి. జట్టులో ముందు వరస గిటార్ ఎవరు పట్టాలన్నా, ఆ ట్యూన్ అందరి ముందూ తప్పులేకుండా వాయించి చూపాల్సిందే. అది వాళ్ళ కట్టుబాటు.

చిన్నాయన ఆ ట్యూన్ నేర్చుకున్నన్నాళ్ళూ మా డాబా మీద పెద్ద రగడే. పొగడ్త అన్నది మచ్చుకైనా ఉండేది కాదు. బొటనవేలు ఉరుకుతున్నదని ఎల్‌బీ నగర్ అన్న మొత్తుకునేవాడు. పాట మధ్యలో ఊపిరి పీల్చుకునే చోటు లేదని తబలా ఆయన పెదవి విరిచేవాడు. పెద్దాయనైతే మొదటి రెండు స్వరాలు కూడా పలకనిచ్చేవాడు కాదు, మళ్ళీ మొదలుపెట్టమనేవాడు. చిన్నాయన తలబాదుకునేవాడు, తిట్టేవాడు, వాళ్ళూ తిట్టేవాళ్ళు, అమ్మ చాయ్ పంపితే అందరూ నవ్వుకుంటూ తాగేవాళ్ళు. ఆఖరికి ఆ ట్యూన్ ఆయన చేతికి వచ్చింది. ముందు వరసలో నిలబడ్డాడు. చెప్పొద్దూ, పందిట్లో ఆయన దాన్ని వాయిస్తుంటే, ఆయన మా చిన్నాయన అని పక్కవాళ్ళకు చెప్పుకోకుండా నా నోరు ఊరుకునేది కాదు.

తర్వాత ఒక పెళ్ళి ప్రోగ్రామ్ నుంచి వస్తుంటే ఎల్‌బీ నగర్ దగ్గర చిన్నాయన స్కూటర్ జారింది. కుడి చెయ్యి హ్యాండిల్ కింద పడి నలిగింది. దవాఖానలో వేలు తీసెయ్యకుండా కాపాడారు గానీ, ఉంగరపు వేలు కట్టెపుల్లలా బిగిసిపోయింది. సరిగ్గా ఆ వేలే అన్నిటికంటే సన్న తీగను మీటే వేలు. ఆ ట్యూన్‌లో పాటంతా ఆ తీగ మీదే ఉంది.

స్టేజి మీద వాయించేవాళ్ళకు ఒక అలవాటుంటుంది. ఒకరు తప్పితే పక్కవాడు గట్టిగా వాయించి జనానికి తెలియకుండా కప్పేస్తాడు. అది మంచి అలవాటే, దానివల్లే ఎన్నో ప్రోగ్రాములు గట్టెక్కుతాయి. కానీ ఆ ముగ్గురూ దాన్ని మా డాబా మీదికి కూడా తెచ్చారు. చిన్నాయన కట్లు విప్పించుకుని మళ్ళీ ట్యూన్ అందుకుంటే, సన్న తీగ పలకని చోట ఎల్‌బీ నగర్ అన్న గొంతు కలిపేవాడు. తబలా ఆయన మంచంపట్టె మీద దరువు వేసేవాడు. అయిపోగానే అందరూ కలిసి బాగుందనేవాళ్ళు. ఎప్పుడు స్టేజి ఎక్కాలో మాత్రం ఒక్కరూ చెప్పేవాళ్ళు కాదు. ఆయన జాగాలో ఎల్‌బీ నగర్ అన్న నిలబడి వాయిస్తూనే ఉన్నాడు.

చవితి దగ్గరపడింది. నాన్న ఇంక ఊరుకోలేదు. "ఏదో ఒకటి తేల్చు తమ్మీ. పందిళ్ళకు పోతవా, కొట్లనే కూసుంటవా?" అన్నాడు. చిన్నాయన రాత్రుళ్ళు డాబా మీద అటూ ఇటూ నడిచేవాడు. అందరూ బాగుందంటుంటే గిటార్ వదిలెయ్యడం ఎట్లా? నిజంగా బాగుంటే ఎవరూ రమ్మనరేం? ఆ పరేషాన్‌లో మనిషి సగమయ్యాడు.

ఒకరోజు నన్ను డాబా మీదికి పిలిచి టేప్ రికార్డర్ ముందు కూర్చోబెట్టాడు. ఎవరి దగ్గరో వేరే గిటార్ అడిగి తెచ్చాడు, తన గిటార్ చప్పుడు ఆ ముగ్గురూ గుర్తుపట్టేస్తారని. ఎర్ర బటన్ నన్ను నొక్కమన్నాడు. ట్యూన్ మొదటి నుంచి చివరిదాకా వాయించి, "ఇది తుర్కయంజాల్ పిల్లగాడు ఎవడో పందిట్ల విని నేర్చుకుని, జట్టుల చేరతనని ఇచ్చిపోయిండని చెప్త. నువ్వు జర మొహం మామూలుగ పెట్టు బిడ్డా" అన్నాడు. నాకు భలే సరదా వేసింది. దొంగాట అనుకున్నాను.

ఆదివారం ముగ్గురూ వచ్చారు. టేప్ తిరిగింది. కాసేపటికే ఎల్‌బీ నగర్ అన్న పకపకా నవ్వాడు. "ఏందన్నా గిది? సన్న తీగ మీద వేలు పడుతున్నదా, ఈగ వాలుతున్నదా?" తబలా ఆయన, నడక బాగానే ఉంది గానీ పాట ఎక్కడుందంటూ, వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూశాడు. దానికి అందరూ మళ్ళీ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. టేప్ అయిపోయేదాకా విని, "ఆ తీగ మీద బలం లేదయ్యా. ఈ కుర్రాడు మనకు పనికిరాడు. ఇప్పుడే వద్దని చెప్పెయ్, ఆశ పెట్టొద్దు" అన్నాడు.

చిన్నాయన తలూపుతూనే ఉన్నాడు. ఇంకేం తప్పులున్నయ్, ఇంకేం ఉన్నయ్ అని గుచ్చి గుచ్చి అడుగుతున్నాడు. వాళ్ళు చెబుతున్నారు. ఆయన మొహం మీద నవ్వుంది గానీ, ఒళ్ళో ఎడమచెయ్యి కుడిచేతిని నలిపేస్తోంది. నా సరదా ఎటుపోయిందో! ఇక్కడినుంచి ఎక్కడికైనా పారిపోతే బాగుండుననిపించింది.

అంతలో అమ్మ చాయ్ పట్టుకుని వచ్చింది. గుమ్మంలో నిలబడి అంతా విన్నది కాబోలు, పళ్ళెం నేల మీద పెట్టేసి, "చాలు ఆపుండ్రి! ఏ తుర్కయంజాల్ పిల్లగాడు లేడు. గది వాయించింది మా మరిది" అంది.

ఎల్‌బీ నగర్ అన్న తడబడుతూ, టేప్ మంచిగా లేదన్నాడు. సెల్లులు అయిపోవచ్చినట్టున్నాయని తబలా ఆయన అందుకున్నాడు. మళ్ళీ పెట్టు, అసలు అంత చెడుగా ఏం లేదు, నిజానికి మస్తుగుంది అన్నాడు ఎల్‌బీ నగర్ అన్న. వాళ్ళు నవ్వినప్పుడు రాని కోపం చిన్నాయనకు అప్పుడొచ్చింది.

"వద్దు! ఇందాక చెప్పిందే నిజం. దాన్ని మళ్ళ గుంజుకోకుండ్రి. చెయ్యి విరిగినకాడి నుంచి నాకు దొరికిన నిజం గదొక్కటే" అని అరిచాడు. అరుస్తూనే ఏడ్చేశాడు. పెద్దవాళ్ళు అట్లా వెక్కి వెక్కి ఏడుస్తారని నాకు ఆ రోజే తెలిసింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాను ఆదుకుందామని నోరు విప్పింది, అది ఇట్లా అయింది. ఎల్‌బీ నగర్ అన్న, తబలా ఆయన చాయ్ ముట్టకుండా తలలు వంచుకుని మెట్లు దిగిపోయారు.

పెద్దాయన మాత్రం కదల్లేదు. అన్న మాట వెనక్కి తీసుకోలేదు కూడా. ఎంత కఠినుడో అని ఆయన్ని నేను కళ్ళెర్రజేసి చూశాను. ఏడుపు తగ్గేదాకా కూర్చుని, చిన్నాయన కుడిచెయ్యి తన చేతిలోకి తీసుకుని, బిగిసిన వేలును మెల్లగా వంచి చూశాడు. "ఈ వేలు ఇక రాదురా. నాకు మొదటిరోజే తెలుసు. చెప్పడానికి నోరు రాలేదు. నీకు అన్యాయం చేశాను" అన్నాడు. తర్వాత గిటార్ అందించి వాయించమన్నాడు.

చిన్నాయన మొదలుపెట్టాడు. "ఆగు" అన్నాడు పెద్దాయన. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ ఆగు. ఉంగరపు వేలును పక్కకు పెట్టెయ్యమన్నాడు. సన్న తీగను నడిమి వేలికి ఇమ్మన్నాడు, మధ్య తీగలు రెండూ చూపుడు వేలికి. తను కట్టిన ట్యూన్‌ను తనే విప్పి, కొన్ని స్వరాలు తీసేసి, నడక తగ్గించి, మిగిలిన వేళ్ళకు సరిపోయేట్టు మళ్ళీ కట్టాడు. సాయంత్రం దాకా మా డాబా మీంచి ఆగు, ఆగు అన్న మాటే. కింద వంటింట్లో అమ్మ, ఈయనకు కనికరం లేదా అని గిన్నెల మీద కోపం చూపించింది.

ఆ చవితికి చిన్నాయన పందిళ్ళకు పోలేదు. ఎల్‌బీ నగర్ అన్నే ముందు వరసలో వాయించాడు. మైకులో గిటార్ వినపడుతుంటే చిన్నాయన కొట్లో కూర్చుని చీరలు మడతపెట్టాడు. పండుగ అయ్యాక ఎల్‌బీ నగర్ అన్న మెట్ల మీద వచ్చి నిలబడ్డాడు, పైకి రావడానికి మొహం చెల్లక. "వచ్చినవ్ గద, కూసోని తప్పులు చెప్పు" అన్నాడు చిన్నాయన. ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి, రగడా మొదలైంది. తర్వాత తర్వాత చిన్నాయన వెనక వరసలో వాయించడానికి జట్టుతో పోయేవాడు గానీ, ఆ ట్యూన్‌ను మాత్రం మళ్ళీ ఎప్పుడూ స్టేజి మీద వాయించలేదు. ఇంట్లోనే వాయించుకునేవాడు.

ఒకసారి నా ఒక్కదాని ముందు వాయిస్తున్నాడు. నెమ్మదిగా, ఖాళీలతో, అదో రకంగా ఉంది ఆ ట్యూన్. మధ్యలో ఒకచోట చెవికి ఏదో తగిలింది. నోరు జారినట్టు ఆగు అనేశాను. అని, భయంతో నాలుక కరుచుకున్నాను. చిన్నాయన ఆగాడు. "ఏడ?" అన్నాడు. చోటు చూపించాను. అక్కడే మళ్ళీ వాయించుకున్నాడు, తప్పు దొరికింది. నా వైపు తిరిగి నవ్వాడు. స్కూటర్ జారిన తర్వాత ఆయన అంత నిండుగా నవ్వడం అదే మొదలు. నన్ను నమ్మాడు కాబట్టే నవ్వాడని అర్థమై, ఆ రోజంతా నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఇప్పుడు చిన్నాయన లేడు. నేను నానమ్మనయ్యాను. మొన్న పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాను. నాకే నోట్లో పెట్టుకోబుద్ధి కాలేదు. కొడుకూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, బాగుందమ్మా అంటూ తినేశారు. పిల్లలకు కథ చెబుతూ చెప్పిందే మళ్ళీ చెబుతుంటాను, వాళ్ళూ బుద్ధిగా తలలూపుతారు. ఎంత మంచివాళ్ళో! నాకు తెలుసు, పాపం అనుకుని అంటున్నారు. కథ మధ్యలో కావాలనే ఏదో ఒకటి తప్పు చెప్పి, వాళ్ళ మొహాల వైపు చూస్తాను. ఆగు నానమ్మా అని ఒక్కరైనా అంటే, ఇంకా నా మీద ఆశ వదులుకోలేదని ధైర్యంగా ఉంటుంది.