వరుసలో వర్లీన్ అమ్మమ్మ చోటు

రెండువేల ఇరవైమూడు వేసవిలో మెంఫిస్‌లోని మా ఇంటికి ఆసుపత్రి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మా అమ్మమ్మ వర్లీన్ టాలివర్ దాన్ని సగం చదివి చెత్తబుట్టలో పడేసింది.

"నేను ఎదురుచూసిన కాలం నాకు తిరిగొస్తుందట! పోయిన వారం ఒకడు ఓడ ప్రయాణం గెలిచావన్నాడు. వీళ్ళేమో కాలాన్నే గెలిచానంటున్నారు," అంది.

నేను పదో తరగతితో బడి మానేసినదాన్నే గానీ, ఇతరుల ఉత్తరాలు చదవడంలో నన్ను మించినవాళ్ళు లేరు. బుట్టలోంచి తీసి, కాఫీ మరక తుడిచి, మొత్తం చదివాను. రెండోసారి గట్టిగా ఆమెకే చదివి వినిపించాను.

అమ్మమ్మకు అప్పటికి మూడేళ్ళుగా డయాలిసిస్. సోమ, బుధ, శుక్రవారాలు నాలుగేసి గంటలు మిషన్ పక్కన కుర్చీలో పడి ఉండేది. చిలగడదుంప తినకూడదు, టమాటా తినకూడదు, గుక్కెడు నీళ్ళు తాగినా లెక్కే. కొత్త కిడ్నీ కోసం జాబితాలో పేరుంది, కానీ అది రెండువేల ఇరవై ఏప్రిల్ నుంచే, అంటే మిషన్ ఎక్కిన రోజు నుంచే. మా ఊళ్ళో ఆరేడేళ్ళు ఆగితే గానీ పిలుపు రాదు. డెబ్భై దాటిన ఆమెకు ఆరేడేళ్ళంటే ఏమిటో మా ఇంట్లో ఎవరమూ పైకి అనుకోలేదు.

ఉత్తరంలో ఉన్నది ఇది. వెనకటి డాక్టర్లెవరో నల్లవాళ్ళ ఒంట్లో కండ ఎక్కువని ఊహించి, మా కిడ్నీ పరీక్షలో వచ్చిన అంకెకు ఇంకొంత కలిపేవారు. ఆ కలిపిన అంకె వల్ల మావాళ్ళ కిడ్నీలు ఉన్నదానికంటే బాగున్నట్టు కనబడేవి. అవయవాల పంపకం చూసే బోర్డు ఇప్పుడు ఆ కలపడం తప్పని తేల్చింది. కలపకుండా ఉంటే ఎవరు ఎప్పుడు జాబితాలోకి రావాలో, అప్పటినుంచే లెక్కపెట్టి ఆ కాలం తిరిగి ఇవ్వాలని దేశంలోని ఆసుపత్రులన్నిటికీ చెప్పింది. అయితే పాత పరీక్షల రుజువు కావాలి. అమ్మమ్మ వెళ్ళిన క్లినిక్ మూతపడిందనీ, పాత రికార్డులు తమకు దొరకలేదనీ ఉత్తరం చివర రాశారు.

అది వినగానే అమ్మమ్మ ముఖం మాడిపోయింది. ఎందుకో నాకు తెలుసు. ఏళ్ళ తరబడి ఆమె గొప్పలు విన్నదాన్ని కదా.

అమ్మమ్మ ముప్ఫయ్యొక్క ఏళ్ళు బడి వంటింట్లో పనిచేసింది. రోజుకు ఆరువందల మంది పిల్లలకు వడ్డించేది. అక్కడ ఆమెకు జోడు డార్లా ప్రూయిట్ అనే తెల్లావిడ. ఇద్దరికీ బీపీ, ఇద్దరికీ షుగరు, ఇద్దరికీ కిడ్నీల బాధ. రెండువేల పదహారు సెప్టెంబరులో ఇద్దరూ ఒకే క్లినిక్‌లో ఒకే వారం రక్తం ఇచ్చారు. వచ్చిన కాగితం మీద రెండు వరుసలుండేవి, పైది మిగతా అందరికీ, కిందది నల్లవాళ్ళకు. పై వరుసలో ఇద్దరిదీ పంతొమ్మిదే. కింద వరుసలో ఇరవైరెండు. ఇరవైకి దిగితే జాబితాలో చేరవచ్చు. డాక్టరు డార్లాను వెంటనే చేర్పించాడు. అమ్మమ్మకు మాత్రం కింద వరుస చూసి "మీకింకా టైముంది" అన్నాడు.

టైముందంటే అమ్మమ్మ పొంగిపోయింది. "చూశావా డార్లా, మా కిడ్నీలకు మూడు మార్కులు ఎక్కువ!" అని వంటిల్లంతా ఊరేగింది. అంతటితో ఊరుకుందా, బడి లైబ్రరీలో మిషన్ ఉంటే ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడుగు కూడా వేయించింది. డార్లా రక్తం గ్రూపుకు త్వరగా దొరుకుతుందట, మూడేళ్ళకే ఆమెకు కిడ్నీ వచ్చింది. అమ్మమ్మ కేకు చేసి పట్టుకెళ్ళింది. ఆ మరుసటి ఏడు తను మిషన్ ఎక్కింది.

"ఆ మార్కుల కాగితం ఎక్కడుంది అమ్మమ్మా?" అనడిగాను.

"ఎగతాళి చేస్తే చెప్పను."

"చెయ్యను."

"నువ్వు చెయ్యకుండా ఉంటావటే? సొరుగులో ఉంది, పో. పీచ్ పళ్ళ కాబ్లర్ ఎలా వండాలో రాసిన అట్ట కింద."

ఉంది. ఏడేళ్ళయినా మడత పడలేదు. నేను ఎగతాళి చేశాను. చేసినంత సేపూ కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను.

గురువారం డార్లా తన కారులో మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. జాబితా చూసే మిస్ హోలిస్ చిన్న వయసు పిల్ల, మర్యాదస్తురాలు. కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది.

"మిస్ వర్లీన్, ఇందులో ఇరవైరెండు ఉందండీ. ఇరవై దాటింది."

"పై వరుస చదువమ్మా."

హోలిస్ చదివింది. చెవులు ఎర్రబడ్డాయి. "నిజమేనండీ. కానీ ఇది మీ దగ్గరి కాపీ. క్లినిక్ వాళ్ళ అసలు రికార్డు ఉంటే..."

"క్లినిక్ ఉన్నచోట ఇప్పుడు టైర్లు అమ్ముతున్నారు. వాళ్ళనడగమంటావా?"

డార్లా ముందుకొచ్చింది. "అదే వారం, అదే సూది, అదే నర్సు. నాదీ పంతొమ్మిదే. నన్ను రాసుకున్నారు, దీన్ని ఇంటికి పంపారు. కావాలంటే నా కాగితం కూడా తెస్తాను."

అమ్మమ్మ కుర్చీ లాక్కుని బల్ల ముందు కూర్చుంది. గొంతు పెంచలేదు. వంటింట్లో కూడా ఎప్పుడూ పెంచేది కాదు, అందుకే ఆరువందల మంది భయపడేవారు.

"చూడు తల్లీ. నా భోజనాల వరుసలో ఎవడైనా ఒక పిల్లాణ్ణి బయటికి నెట్టేస్తే, ఆ పిల్లాణ్ణి నేనెప్పుడూ చివరికి పొమ్మనలేదు. నువ్వు ముందెక్కడున్నావో అక్కడే నిలబడు అనేదాన్ని. ఇప్పుడు నీ పైవాళ్ళూ అదే రూలు రాశారు. మంచి పని చేశారు. ఇంక నువ్వు వడ్డించు."

హోలిస్ లోపలికి వెళ్ళి నలభై నిమిషాలకు వచ్చింది. పేరు, తేదీ, ల్యాబు ముద్ర ఉన్న కాగితం చెల్లుతుందని పైవాళ్ళు చెప్పారట. ప్లాస్టిక్ తొడుగు స్కానరులో ఇరుక్కుంటే ముగ్గురు కలిసి లాగారు.

మూడు వారాలకు కొత్త తేదీ వచ్చింది, రెండువేల పదహారు సెప్టెంబరు. మూడున్నరేళ్ళు ఒక్క ఉత్తరంతో తిరిగొచ్చాయి.

వేరే ఎవరైనా అయితే ఇంట్లో కూర్చుని ఫోను కోసం చూసేవారు. అమ్మమ్మ డయాలిసిస్ గదిలో కుర్చీ కుర్చీకీ దర్యాప్తు మొదలుపెట్టింది. పక్క కుర్చీలో డాండ్రిడ్జ్ గారు, మాలాగే నల్లాయన, రిటైరైన పోస్ట్‌మాన్, మా చర్చిలో పెద్ద.

"పెద్దాయనా, నీ కిడ్నీల జబ్బు రెండువేల పదిహేనులో బయటపడింది కదా, అప్పుడు పరీక్షకు రక్తం ఎక్కడిచ్చావు?"

"ఆ కాగితాలన్నీ పారేశాను వర్లీన్. రూలు వచ్చింది కదా, వాళ్ళే చూసుకుంటారులే."

"ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు మోసి కూడా నీకు తెలియలేదా? వాషింగ్టన్‌లో రాసిన రూలు దానంతటది బస్సెక్కి మెంఫిస్ రాదు. మోసుకురావాలి. ఏ డాక్టరో చెప్పు."

చెప్పేదాకా వదల్లేదు. ఆ డాక్టరు బతికే ఉన్నాడు, రికార్డులు ఆయన కూతురి గరాజులో దొరికాయి. ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున పది గంటలకు హోలిస్ దగ్గర అపాయింట్‌మెంట్ కుదిరింది.

దానికి ముందురోజు, సోమవారం పొద్దున్నే, ఆసుపత్రి నుంచి అమ్మమ్మకు ఫోను వచ్చింది. కిడ్నీ దొరికింది, వెంటనే రావాలి. ఇల్లంతా గగ్గోలు. అమ్మమ్మ మాత్రం చెప్పులు వేసుకుంటూ డాండ్రిడ్జ్ గారి ఫైలు నా చేతిలో పెట్టింది.

"రేపు పదింటికి. ఆయన మెత్తటి మనిషి, చూసుకుంటారులే అని లేచొస్తాడు. నువ్వు లేవనివ్వకు."

"అమ్మమ్మా, నీకు ఆపరేషను!"

"నన్ను కోయడానికి వాళ్ళు చాలు. నువ్వెందుకు?"

మధ్యాహ్నం ఆపరేషను జరిగింది. మర్నాడు పదింటికి నేనూ డాండ్రిడ్జ్ గారూ హోలిస్ బల్ల ముందు కూర్చున్నాం. ఆయన చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, టోపీ ఒళ్ళో పెట్టుకున్నారు. హోలిస్ ఫైలు తెరవకుండానే అడిగింది.

"మిస్ వర్లీన్ ఎలా ఉన్నారు?"

"కొత్త కిడ్నీ పని మొదలెట్టింది, పొద్దున్నుంచి రెండు లీటర్లు ఉచ్చ పోసిందట. నర్సులు చప్పట్లు కొడితే, మళ్ళీ పోస్తా చూడండి అందట," అన్నాను.

డాండ్రిడ్జ్ గారు నవ్వు ఆపుకోలేక టోపీ ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. నేను ఫైలు తెరిచి, కాగితం హోలిస్ వైపు తిప్పి, పై వరుస మీద వేలు పెట్టాను.