దారి చూపే మామ

విమానాశ్రయంలో అందరూ అతన్ని రేడియో మామ అంటారు. రన్‌వే చివరి గదిలో ఉండే, విమానాలకు దిక్కు చెప్పే యంత్రాన్ని పాతికేళ్లుగా కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. తను మాత్రం సందు మారితే సొంతిల్లు కనుక్కోలేడు.

ఆ ఉదయం కంట్రోల్ టవర్ నుంచి ఫోనొచ్చింది. "మామా, నీ యంత్రాన్ని నమ్మితే పైలట్ పొలాల్లో దిగుతాట్ట! నాలుగింటి విమానం వచ్చేలోగా బాగుచెయ్యి. లేకపోతే నీ యంత్రాన్నే ఆపేస్తారు."

పాతికేళ్లలో ఒక్కరోజూ ఆగని యంత్రం! మామ తీగలన్నీ విప్పాడు, మళ్లీ బిగించాడు. మీటర్లన్నీ బుద్ధిగానే ఉన్నాయి. అతనికి బుర్ర తిరిగిపోయింది.

మధ్యాహ్నం భార్య క్యారేజీ తెచ్చింది. "ఇదేంటండీ, యాంటెన్నా ముందు రేకుల షెడ్డు?"

"ఎండకి స్కూటర్ సీటు కాలిపోతోందని నిన్న నేనే వేశా..." అంటూనే నాలుక్కరుచుకున్నాడు. రేకులకు తగిలితే రేడియో తరంగాలు పక్కకు మళ్లుతాయి. అందుకే అక్కడ ఇనుప సామాను పెట్టకూడదని బోర్డు రాయించింది కూడా తనే. ఆ బోర్డు ఇప్పుడు షెడ్డుకి వెనక గోడ.

మొగుడూ పెళ్లాలు కలిసి షెడ్డు పీకేశారు. నాలుగింటికి విమానం తిన్నగా వచ్చి దిగింది. మామ కాలుతున్న స్కూటర్ సీటు మీద గుడ్డ పరుచుకుని కూర్చుని, వెనక ఎక్కిన భార్య వైపు తిరిగాడు.

"గేటు దాటాక ఇంటికి ఎటే, కుడికా, ఎడమకా?"