రెండోసారి పట్టం

చర్చిలను అణిచేసిన కమ్యూనిస్టు ప్రభుత్వం కూలిపోయాక అందరికీ ఏదో ఒకటి తిరిగొచ్చింది. కొందరికి ఇల్లు, కొందరికి పొలం, చర్చిలకు గంటలు. బొహుమీర్ జాప్లెతల్‌కు మాత్రం ఉన్నది కూడా ఊడేలా ఉంది.

మొరావియాలోని ఆ చిన్న ఊళ్లో ఆయన ఆసుపత్రి బాయిలర్‌కు బొగ్గేసి బతికాడు. గోళ్లలో మసి వదలకముందే హీబ్రూ గ్రంథాలు తిరగేసేవాడు. లోకానికి బొగ్గు మనిషి, తెలిసినవాళ్లకు బిషప్. ఎప్పుడో ఒక ముసలి బిషప్ వంటగది తలుపు గడియపెట్టి ఆయన తలమీద చేతులుంచి బిషప్ పట్టం, అంటే పూజలు చేసే, ఫాదర్లను నియమించే అధికారం ఇచ్చాడు. కాగితం లేదు, సాక్షి లేడు. ఆ రోజుల్లో అదే పద్ధతి. ఏమీ తెలియనివాణ్ణి చితకబాదినా పోలీసులకేం చెబుతాడు? ఆ జాగ్రత్తే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. ముసలి బిషప్ పోయాడు. పట్టం ఇచ్చాడనడానికి రుజువేమిటని సొంత చర్చి పెద్దలే అడుగుతున్నారు. పోలీసులు నయం, వాళ్లు నమ్మబట్టే కదా వెంటపడ్డారు!

ఆ మధ్యాహ్నం రాదిమ్ గసగసాల రొట్టెలు పట్టుకుని వచ్చాడు. బాయిలర్ పక్కన కూర్చుని ఆయన దగ్గర చదువుకున్నవాడు, ఆయన చేతులమీదే ఫాదర్ అయినవాడు. ఇప్పుడు అధికారిక బిషప్ కార్యాలయంలో పెద్ద పదవిలో ఉన్నాడు.

"పంతం వద్దు గురువుగారూ. బిషప్ సంగతి వదిలేసి ఫాదర్‌గా మళ్లీ పట్టం పుచ్చుకోండి. 'ఒకవేళ ఇదివరకు పొంది ఉండకపోతే' అని ముందొక మాట చేరుస్తారు, అంతే. మర్నాడే చర్చిలో పూజ చేసుకోవచ్చు."

గంటలు మోగుతుంటే, తలుపులు బార్లా తెరిచి, నోరారా పూజ చెయ్యాలని బొహుమీర్ ప్రాణం ఎంత కొట్టుకుపోయిందో!

"ఒకసారి ఇచ్చిన పట్టం రెండోసారి ఇవ్వరని నీకు పాఠం చెప్పింది నేనే కదరా. నేను తలవంచితే మొదటిది అనుమానమని ఒప్పుకున్నట్టే. పక్కింటి క్వేతా మొగుడు నా దగ్గర పాపాలు చెప్పుకుని కన్నుమూశాడు. ఆవిడ మొహం ఎలా చూడను? నా పట్టం చెల్లదేమో, నీ మొగుడికి క్షమాపణ దొరికిందో లేదో తెలీదమ్మా అననా?"

"ఎవరికి తెలుస్తుందండీ? అరగంట పని. తలుపులు మూసేస్తారు. మోకాళ్ల కింద మెత్తటి దిండు కూడా వేస్తారు."

బొహుమీర్ చేతిలోని రొట్టె పళ్లెంలో పెట్టేశాడు.

"దిండు సంగతి నీకెలా తెలుసు?"

రాదిమ్ కిటికీ వైపు చూశాడు. "పోయిన శరదృతువులో నేనూ పుచ్చుకున్నాను... లేకపోతే ఆ పదవి ఇచ్చేవాళ్లు కారు."

ఎవరెన్ని అన్నా బొహుమీర్ తట్టుకున్నాడు. ఇది మాత్రం తట్టుకోలేకపోయాడు.

"మీ అమ్మ చివరి ఘడియలో పాపక్షమాపణ ఇచ్చింది నువ్వే. నేనిచ్చిన పట్టంతో. ఆవిడ సంగతేమిట్రా?"

"అమ్మను ఇందులోకి లాగకండి."

"లాగింది నేనా?"

వెళ్లబోతూ రాదిమ్ పాత అలవాటు కొద్దీ దీవెన కోసం మోకరిల్లాడు.

"లేవరా," అన్నాడు బొహుమీర్. "నా చేతుల్లో ఏమీ లేదని సాక్ష్యం చెప్పొచ్చావుగా."

ఆయన రెండో పట్టానికి వెళ్లలేదు. చర్చిలో పూజ చేసే యోగం మరి పట్టలేదు. ఆదివారం క్వేతా పక్కన, చివరి బల్ల మీద కూర్చున్నాడు. పూజ చేస్తున్నది రాదిమే. వాణ్ణి చూస్తే ఆయనకు ఒళ్లు మండిపోయింది. అయినా వాడు దేవుడి శరీరంగా మారే అప్పాన్ని పైకెత్తగానే అందరికంటే ముందు మోకరిల్లాడు. ఆ చేతులకు నూనె రాసి అభిషేకించింది తానే. వాడు ఫాదరేనని, రెండో పట్టంతో కాదు, బాయిలర్ పక్కన తాను పట్టమిచ్చిన రోజు నుంచీ ఫాదరేనని, ఆ చర్చిలో నమ్మినవాడు ఆయనొక్కడే.