చెవుల మీది జుట్టు

క్షవరానికి మనిషిని వెతుక్కోవడం కూడా ఒక పనేనా అని నవ్వేవాళ్లుంటారు. నవ్వుకోనివ్వండి. కడియంలో మొక్కలకు అంట్లు కట్టే భీమరాజు మాత్రం మొన్న శివరాత్రి వెళ్లినప్పటి నుంచి ఆ ఒక్క పని మీదే కాళ్లరిగేలా తిరిగాడు. శివరాత్రి మర్నాడు సెలూన్ శివరామకృష్ణ కన్నుమూశాడు. ఇరవయ్యారేళ్లుగా భీమరాజు తల తాకిన చెయ్యి ఆయనదొక్కటే.

భీమరాజుకు యాభై ఎనిమిదేళ్లు. మామిడికి గానీ సపోటాకు గానీ అతను అంటు కడితే నూటికి తొంభై బతుకుతాయని నర్సరీల వాళ్లు చెప్పుకుంటారు. కత్తి పట్టుకునే తీరు చూసి మనిషి ఎలాంటివాడో చెప్పేస్తానని అతని గొప్ప. ఆ లెక్కన శివరామకృష్ణకు సాటి లేదు. కాలవగట్టు మీద చిన్న షాపు, అందులో ఒక కుర్చీ, ఒక అద్దం. సెలూన్ పెట్టుకుని కూడా నోరు మెదపని మనిషి గోదావరి జిల్లాల్లో మరొకడు ఉంటాడని నేననుకోను. ఆయన భీమరాజు చెవులు సగం కప్పి, మెడ మీద కాలరు దాకా జుట్టు వదిలేసేవాడు. ఆ ఫ్యాషను పోయి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు.

"మీకూ, ఆయనకీ క్యాలెండరు మారదా ఏంటండీ?" అని భార్య సూర్యకళ దెప్పేది.

భీమరాజుకు ఆ జుట్టే కావాలి. దాని కింద, కుడి చెవి వెనక నుంచి మెడ దాకా, నాలుగు గీతలున్నాయి.

అవి తమ్ముడు గణేష్‌బాబు గోళ్లు. ఇరవయ్యారేళ్ల కిందట, ఏటి మధ్య లంకలో ఒక రైతుకు మొక్కలు చేరవేయడానికి అన్నదమ్ములిద్దరూ నాటుపడవ ఎక్కారు. గోదావరికి వరద వచ్చిన రోజులు. నడిమధ్యలో పడవ తిరగబడింది. ఇద్దరికీ ఈత బాగా వచ్చు. కానీ మొక్కల కట్టల తాడు గణేష్‌బాబు కాలికి చుట్టుకుంది. అతను అన్న మెడ పట్టుకున్నాడు. ఇద్దరూ మునిగారు, తేలారు, మళ్లీ మునిగారు. రెండోసారి మునిగినప్పుడు భీమరాజు ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీశాడు. ఒడ్డుకు చేరాక అడిగినవాళ్లందరికీ "చెయ్యి అందలేదు" అని చెప్పాడు. మెడ మీద రక్తం చూసినవాళ్లకు పడవ మేకులు గీసుకున్నాయన్నాడు. అందరూ నమ్మారు. నమ్మకపోవడానికి ఏముంది?

సాయంత్రానికి తమ్ముడి శవం దొరికింది. ఆ తరవాత తమ్ముడి భార్య అచ్చాయమ్మను, మూడు నెలల పిల్ల దుర్గాశ్రీని కళ్లల్లో పెట్టుకుని చూశాడు. పక్కవాటాలోనే ఉంచాడు, పిల్లను చదివించాడు. అన్నంటే ఇలా ఉండాలని ఊరంతా మెచ్చుకునేది. మెచ్చుకున్నప్పుడల్లా మెడ వెనక మండేది. ఇంటిల్లిపాదీ అన్నవరం వెళ్లి తలనీలాలిచ్చినా, అతను మాత్రం ఏదో ఒక వంక పెట్టి తప్పించుకునేవాడు.

అసలు బాధ అదీ కాదు. వెనక నుంచి ఎవరు మెడ మీద చెయ్యి వేసినా అది తమ్ముడి చెయ్యే అనిపించేది. ఆ వేళ్లు తడిగా ఉండేవి. సూర్యకళ తలకు నూనె రాస్తానన్నా వద్దనేవాడు. శివరామకృష్ణ చెయ్యి ఒక్కటే తడిగా ఉండేది కాదు. ఆ మనిషికేమీ తెలియదు కాబట్టి కాబోలు అనుకుని, నెలకోసారి ఆ కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చునేవాడు. ఒక్కోసారి కునుకు పట్టేది కూడా.

ఇప్పుడు ఆ కుర్చీ లేదు. మీదు మిక్కిలి దుర్గాశ్రీకి పెళ్లి కుదిరింది. అన్నవరం కొండ మీద పెళ్లి, కన్యాదానం చేసేది భీమరాజు దంపతులు. పెళ్లికొడుకు కాళ్లు కడగడానికి తల వంచితే వెనక కూర్చున్నవాళ్లందరికీ కనపడేది మెడే. అలాగని జుట్టు అలా వదిలేస్తే భుజాల మీద పడేలా ఉంది.

ముందు కడియం సెంటర్లో కొత్త షాపుకు వెళ్లాడు. అక్కడి కుర్రవాడు మెషీను పట్టుకుని జుట్టు పైకెత్తాడు.

"ఏంటి మాస్టారూ, పిల్లి గానీ రక్కిందా?"

భీమరాజు కప్పిన గుడ్డతోనే లేచి బయటికి నడిచాడు. ఆ గుడ్డ కోసం వాళ్లు వీధి చివరిదాకా పరిగెత్తాల్సి వచ్చింది.

తరవాత రాజమండ్రిలో ఏసీ సెలూన్. అక్కడ ముందు తల కడుగుతారట. కుర్చీలో వెనక్కి వాల్చి, తల తొట్టెలో పెట్టారు. చెవుల్లోకి నీళ్లు చేరాయి. శబ్దాలన్నీ దూరమైపోయాయి. మెడ కిందికి తడి వేళ్లు వచ్చాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. పట్టుకున్నాయి.

"వదలరా!" అని అరిచాడు భీమరాజు.

షాపులో అందరూ తిరిగి చూశారు. తల కడుగుతున్న మనిషి చేతులు పైకెత్తి నిలబడిపోయాడు. ఇరవయ్యారేళ్ల కిందట నీళ్లలో తమ్ముడితో అన్న మాట అదే. కారుతున్న జుట్టుతోనే బస్సెక్కాడు. దారి పొడుగునా ఆ వేళ్లు మెడ మీదే ఉన్నాయి.

పెళ్లి నాలుగు రోజుల్లోకి వచ్చింది. శివరామకృష్ణ కొడుకు దుర్గాసాయి రాజమండ్రి దేవీచౌక్ దగ్గర షాపు నడుపుతున్నాడని సూర్యకళే గుర్తు చేసి, "ఆ జడ వేసుకుని పీటలెక్కుతారా? వెళ్లండి" అని తరిమింది. భీమరాజు ఎటూ పాలుపోక వెళ్లాడు.

దుర్గాసాయికి ముప్పై దాటి ఉంటాయి. "రండి బాబాయిగారూ, మీరొస్తారని నాన్నగారు చెప్పారండి" అంటూ కుర్చీ తుడిచాడు. ఒక్క మాట అడగలేదు. మెషీను జోలికి పోకుండా కత్తెర తీశాడు. కుడి చెవి మీద సగం దాకా, మెడ మీద కాలరు దాకా వదిలేసి, మిగతాది సాపు చేయడం మొదలుపెట్టాడు. చెయ్యి పొడిగా ఉంది.

భీమరాజుకు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే అద్దంలో దుర్గాసాయి వైపు చూశాడు.

"ఇలా కత్తిరించమని నీకెవరు చెప్పారు?"

"నాన్నగారేనండి. పోయే ముందు చెప్పారు."

"ఎందుకో చెప్పాడా?"

దుర్గాసాయి కత్తెర ఆపాడు. "అబద్ధం చెప్పలేనండి. ఆవాళ గణేష్‌బాబుగారిని దహనానికి తీసుకెళ్లేముందు గడ్డం గీసి, గోళ్లు తీసింది నాన్నగారేనండి. కుడిచేతి గోళ్ల సందుల్లో చర్మం ఉందంటండి. ఎవరి కంటా పడకుండా కడిగేశారంట. తరవాత మీరు క్షవరానికొచ్చినప్పుడు మెడ చూసి తెలుసుకున్నారంట. 'నీళ్లలో ఎవరి ప్రాణం వాళ్లకి తీపిరా, ఆయన్నేమీ అడక్కు' అన్నారండి."

భీమరాజు చెయ్యి మెడ మీదికి వెళ్లింది. ఏమీ తెలియని చెయ్యి అనుకుని తల అప్పగించాడు. అన్నీ తెలిసిన చెయ్యి అదొక్కటే. తను అక్కడ కునికిపాట్లు పడుతుంటే, ఆ మనిషి నెలనెలా ఆ నాలుగు గీతలూ చూస్తూ, వాటి మీద జుట్టు సర్దుతూ, పాతికేళ్లకు పైగా తన అబద్ధాన్ని మోశాడు. పోతూ పోతూ కొడుక్కి అప్పగించి మరీ పోయాడు. భీమరాజుకు సిగ్గేసింది. భయం కన్నా ఆ సిగ్గే ఎక్కువైంది.

"చెవుల మీదిదంతా తీసెయ్" అన్నాడు.

"బాబాయిగారూ, పెళ్లి ఫోటోలుంటాయండి."

"మెడంతా కనపడాలి. కత్తిరించు."

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. అచ్చాయమ్మ వరండాలో కూర్చుని, మిగిలిపోయిన శుభలేఖల అంచులకు పసుపు రాస్తోంది. భీమరాజు వెళ్లి ఆమెకు వీపు పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. శుభలేఖల చప్పుడు ఆగిపోయింది.

"అవేంటండి, బావగారూ?"

"మేకులు కావమ్మా. మావాడి గోళ్లు. చెయ్యి అందలేదని చెప్పాను కదా. అందింది. గట్టిగానే పట్టుకున్నాడు. నేనే విడిపించుకున్నాను. దుర్గాశ్రీని ఇంకెవరి చేతనైనా ధారపోయిస్తానంటే నేను కాదనను."

ఆమె తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఏదో ఒకటి విసిరి కొట్టినా బావుండుననుకున్నాడు. ఆమె అడిగింది వేరొకటి.

"గట్టిగా పట్టుకున్నారా?"

"గట్టిగా."

"బతకాలనే పట్టుకున్నారా అండి?"

భీమరాజు వెనక్కి తిరిగాడు. అచ్చాయమ్మ పసుపు చేతులు ఒళ్లో పెట్టుకుని అతని మెడ వైపే చూస్తోంది.

"ఆవాళ పొద్దున్న ఆయనా నేనూ బాగా గొడవపడ్డామండి. నీ మొహం చూడనని వెళ్లారు. అంత ఈత వచ్చిన మనిషి మీకు చెయ్యయినా అందివ్వలేదంటే, నా మీద కోపంతోనే మునిగిపోయారనుకున్నాను. పసిపిల్లను కూడా కాదనుకుని పోయారని తిట్టుకోని రోజు లేదు." ఆమె శుభలేఖలు పక్కకు నెట్టింది. "ఈ మాట ఆవాళే చెప్పి ఉంటే, ఇరవయ్యారేళ్లు నేను ఆయన్ని ప్రేమగా తలుచుకునేదాన్ని కదండీ, బావగారూ."