నడిచొచ్చినవాళ్ళకే రాయి

మా అపార్ట్‌మెంటు ఎదుట ఇంకో భవనానికి పునాది తవ్వుతున్నారు. గచ్చిబౌలిలో ఏ మూల తవ్వినా కాస్త లోతుకే రాయి తగులుతుంది. పొద్దున్నుంచీ మిషను దాన్ని తొలుస్తూనే ఉంటుంది. దుమ్ము లేవకుండా మీద నీళ్ళు కొడతారు. అప్పుడు తడిసిన రాతిపొడి వాసన రెండో అంతస్తులో ఉన్న మా బాల్కనీ దాకా వస్తుంది. మా కోడలు తలుపులు మూసేస్తుంది, నేను మళ్ళీ తీస్తాను. నా కాపురం ఆ వాసనలోనే మొదలైంది.

నిన్న సాయంత్రం ఆ వాసనతో పాటు కింద టీ కొట్టు దగ్గరి మాటలు కూడా పైకి వచ్చాయి. స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ అయిపోయింది. ఒకే రంగు జెర్సీలు వేసుకున్న కుర్రవాళ్ళు, ఆఫీసు కార్డులు మెడలో వేలాడుతున్న ఆడపిల్లలు నిలబడి తమ జట్టును ఉతికి ఆరేస్తున్నారు. ఒకడి మోకాలు ఇంకా బాగవలేదట. ఇంకొకడు కిందటేడు ఆడిన ఆటలో సగం కూడా ఆడటం లేదట. గోల్‌కీపరుకైతే కళ్ళు నెత్తికెక్కాయట. ఆ చివరి మాట విన్నాక నాకిక లోపల కూర్చోబుద్ధి కాలేదు. తొంభై దాటిన మనిషికి ఫుట్‌బాల్ గోల ఏమిటని మీరు అనుకోవచ్చు. అనుకోండి. రాజవ్వ ఎవరో తెలిస్తే ఆ మాట అనరు.

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నేను కాపురానికి వచ్చాను. ఇప్పుడు అద్దాల మేడలున్న ఈ చోట అప్పుడు గుట్టలు, సీతాఫలం పొదలు, ఒక రాళ్ళ క్వారీ ఉండేవి. క్వారీ పక్కన మట్టిగోడల గుడిసెల వరుసలో మాది చివరిది, దాని పక్కది రాజవ్వది. ఆమె కమ్మరి. భర్త పోయాక ఇక కొలిమి ఆరిపోయినట్టే అని అందరూ అనుకున్నారట. ఆమె మాత్రం దినాలు ముగియగానే కొలిమి రాజేసి ఉలులకు పదును పెట్టడానికి కూర్చుంది. ఆడమనిషి చేతికి ఉలి ఇవ్వడానికి కొందరు మొహమాటపడితే, మొద్దు ఉలితో ఎన్నాళ్ళు కొడతారో కొట్టుకోమంది. ఎన్నాళ్ళో కొట్టలేకపోయారు.

ఆ క్వారీకి ఒక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. క్వారీ నడిపే గుత్తేదారుకు ఆటంటే పిచ్చి. బూట్లు లేకుండా ఆడే మావాళ్ళను నగరం వాళ్ళు పత్తర్ జట్టు, అంటే రాళ్ళ జట్టు అని వెక్కిరిస్తే, మావాళ్ళు పట్టుబట్టి అదే పేరు పెట్టుకున్నారు. మ్యాచ్‌లు నగరంలో జరిగేవి. జట్టు ఎడ్లబండిలో పోయేది. చూసేవాళ్ళు తెల్లవారగానే బయల్దేరి గోల్కొండ పక్క నుంచి టోలిచౌకి మీదుగా నడిచి వెళ్ళి, ఆట చూసి మళ్ళీ నడిచి వచ్చేవారు. మరునాడు పని విడిచాక క్వారీ పక్కన చదునుగా ఉన్న సాపు బండ మీద తీర్పు కూర్చునేది. ఆటగాళ్ళు కూడా వచ్చి కూర్చోవాలి. ఎవరెలా ఆడారు, ఎవరి కాలు ఎలా ఉంది, వచ్చే ఆటలో ఎవరుండాలి, ఎవరాగాలి అని గొంతులు పోయేదాకా వాదించుకుని, ఒక్కో ఆటగాడి పేరు మీద తలొక కంకర రాయి వేసేవారు. పరిచిన గోనెపట్టా కుడివైపు రాయి పడితే ఆడాలని, ఎడమవైపు పడితే ఆగాలని. గుత్తేదారు సైతం ఆ తీర్పును కాదనేవాడు కాదు. కాదంటే మరునాడు క్వారీలో సుత్తెలు మెల్లగా పడేవి.

ఆ తీర్పుకు ఒకటే కట్టుబాటు. నడిచి వెళ్ళి చూసొచ్చినవాళ్ళకే రాయి. బండెక్కి పోయినవాడికి లేదు, విని వచ్చినవాడికి అసలే లేదు. కట్టుబాటు పెట్టింది మగవాళ్ళే. అంత దూరం ఆడవాళ్ళు ఎక్కడ నడుస్తారులే అన్న ధీమాతో ఆడవాళ్ళ ఊసెత్తడం మరిచిపోయారు. రాజవ్వ నడిచింది. తీర్పు పెద్ద సాయిలు మేస్త్రీ నసిగితే, బండ మీద కాళ్ళు చాపి దుమ్ము కొట్టుకున్న మడమలు చూపించి రాయి తీసుకుందట. నిజానికి ఆమెకు ఆట పెద్దగా తెలియదు. ఆఫ్‌సైడు అనేది మనల్ని ముంచడానికి నగరం వాళ్ళు పుట్టించిన మాట అని చచ్చేదాకా నమ్మింది. చాలాకాలం నేనూ అదే నమ్మాను.

మా ఆయన బాలయ్య ఆ జట్టుకు గోల్‌కీపరు. అతని చేతులు పాడవకూడదని గుత్తేదారు సమ్మెట పని తప్పించి పనిముట్ల కాపలా ఇచ్చాడు. అంటే గోలు ముందు నిలబడినన్నాళ్ళే కాపలా, దిగిన మరునాడే సమ్మెట. మా పెళ్ళయిన కొత్తలోనే ఒకసారి బంతి కోసం దూకి మైదానం అంచున ఉన్న బండరాయి మీద పడ్డాడు. అందరి ముందూ నవ్వుతూ లేచాడట. ఇంటికొచ్చాక జొన్నరొట్టె ఎడమచేత్తో తుంచుతుంటే నాకు అనుమానం వచ్చింది. కుడి మణికట్టు ఉబ్బి ఉంది. దవాఖానకు పోదామన్నాను.

“దవాఖానకు పోతే అందరికి ఎరుకైతది. రేపే సమ్మెట పట్టుమంటరు. ఈ చేత్తోని సమ్మెట పట్టిననుకో, ఇగ చెయ్యే ఉండది,” అన్నాడు. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

ఆ తర్వాతి మ్యాచ్‌లో తల మీదికి వచ్చిన బంతిని ఒక్క ఎడమచేత్తోనే అందుకుని గుండెలకు అదుముకున్నాడట. మావాళ్ళకు పూనకం వచ్చింది. మీకిది వింతగా ఉండొచ్చు. రాళ్ళు కొట్టేవాళ్ళలో బాగా చెయ్యి తిరిగినవాడు సమ్మెటను ఒంటిచేత్తో ఆడించి చూపిస్తాడు, అది వాళ్ళలో పెద్ద దర్జా. బాలయ్యదీ అలాంటి దర్జాయే అనుకున్నారు. ఒంటిచేతి బాలయ్య అని పేరు పెట్టింది రాజవ్వే. కొలిమి దగ్గరికి వచ్చినవాళ్ళకల్లా పట్టకారు పక్కన పడేసి, ఎగిరి మరీ చూపించింది. ఆ వారం తీర్పులో అతని పేరు మీద రాళ్ళన్నీ కుడివైపే పడ్డాయి. బయట వాళ్ళ సంబరం వింటూ నేను లోపల కాపడం గుడ్డ పిండుతున్నాను. ఆ రోజు నాకు వాళ్ళందరి మీదా మంట పుట్టింది, అతని మీద కూడా.

కాపడానికి నిప్పులు రాజవ్వ కొలిమి నుంచే తెచ్చుకునేదాన్ని. వంట అయ్యాక కూడా రోజూ నిప్పులెందుకని ఆమె ఒకటి రెండుసార్లు అడిగింది. నేను మాట మార్చాను. చివరికి నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడి, నిద్రపోతున్న బాలయ్య చేతిని చూసింది. అప్పటికి వాపు నల్లబడింది. ఆమె నన్ను కొలిమి దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టింది. తీర్పులో నువ్వే చెప్పు అవ్వా అని బతిమాలాను. చెప్పనంది.

“నేను చెప్తే రాజవ్వకు నోటి దురద అంటరు. నీ ఇంటి సంగతి నీ నోట్ల నుంచే రావాలె. ఐతారం ఆట ఉంది, నాతోని నడువు.”

ఒట్టు వేశానని చెప్పాను.

“ఒట్టు తప్పితే ఏమైతదో నాకెరుక లేదు బిడ్డ. చెయ్యి పోతే ఏమైతదో ఎరుకే,” అంది.

ఆదివారం జట్టు బండి కదిలాక నేను రాజవ్వ వెనక నడిచాను. గోల్కొండ దాటేసరికి నా కాళ్ళు బొబ్బలెక్కాయి. మైదానంలో నన్ను చూసినవాళ్ళంతా ఎవరి పెళ్ళామో అని గుసగుసలాడారు. ఎదుటి జట్టు ఏం కనిపెట్టిందో ఏమో, బంతులన్నీ అతని కుడివైపే కొట్టింది. ఒక్కదానికీ అతని కుడిచెయ్యి లేవలేదు. మావాళ్ళే అతన్ని తిట్టడం మొదలుపెట్టారు.

మరునాడు తీర్పు వేడిగా సాగింది. ముందువరస వాళ్ళకు పరుగు తగ్గిందన్నారు, కెప్టెన్ చీలమండ ఇంకా కుదురుకోలేదన్నారు. బాలయ్య పేరు రాగానే అందరూ ఒక్కసారే మీద పడ్డారు. ఒంటిచేతి పేరుకు తల తిరిగిందన్నారు. రెండో చెయ్యి ఎత్తితే దర్జా తగ్గుతుందని ఎత్తలేదన్నారు. ఎదుటి జట్టుతో కుమ్మక్కయ్యాడని కూడా ఒకడు అన్నాడు. బాలయ్య తల వంచుకుని కూర్చున్నాడు. వచ్చే ఆటే ఆ ఏటికి చివరిది, ఇది ఓడినా అది గెలిస్తే కప్పు మాదే. అంత మంచి గోల్‌కీపరు మాకు ఇంకొకడు లేడు. అందుకని బాగా తిట్టి, బుద్ధి చెప్పి, మళ్ళీ అతన్నే నిలబెట్టడానికి రాళ్ళు చేతుల్లోకి తీసుకున్నారు. అప్పుడు నేను లేచాను.

ఆడపిల్లవు కూర్చోమన్నాడు సాయిలు మేస్త్రీ. “నడిచిందా లేదా, గది అడుగు,” అంది రాజవ్వ. నేను పాదాలు ముందుకు పెట్టాను. బొబ్బలు చితికి ఉన్నాయి. మేస్త్రీ వాటిని చూసి తల తిప్పుకున్నాడు.

“మా ఆయనకు పొగరు లేదు,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “కుడిచెయ్యి ఇరిగింది. దినాం కాపడం పెడుతున్న. నొప్పికి మీరు పేరు పెట్టిండ్రు, ఇప్పుడు ఆ పేరుకే తిడుతుండ్రు. చెయ్యెట్లున్నదని ఒక్కలన్నా అడిగిండ్రా?”

బాలయ్య లేచి నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. అక్కడే ఉన్న, గుత్తేదారు లెక్కలు రాసే మున్షీ తాపీగా, ఆట మానితే పొద్దున్నే సమ్మెట పట్టాల్సిందేనన్నాడు. బాలయ్య భయపడిన మాట నా వల్లే బయటికొచ్చింది. రాజవ్వ అప్పుడు లేచింది.

“ఒంటిచెయ్యి అని పేరు పెట్టింది నేను. కండ్లుండి చూడనిది నేను. వాడు సమ్మెట పట్టడు. నా కొలిమికి తిత్తి ఊదెటోడు కావాలె, దానికి ఎడమచెయ్యి చాలు. మీ గుత్తేదారు కాదంటే రేపటి సంది ఉలులు ఆయన్నే పదును పెట్టుకొమ్మను.”

మున్షీ సాయిలు మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ వంగి ఒక రాయి తీసి గోనెపట్టాకు ఎడమవైపు వేశాడు. తర్వాత ఒకరి వెనక ఒకరు వేశారు. నా జీవితంలో నేను వేసిన మొదటి రాయి అది, మా ఆయనను ఆపడానికి వేశాను. రాజవ్వ కొలిమిలో సరిపడా పని ఏనాడూ లేదు. ఆ ఏడంతా ఆమె తన కూలిలోంచి సగం మాకు తీసిచ్చింది.

చివరి ఆట ఓడిపోయాం. మామూలుగా కాదు, చిత్తుగా. ఎన్నడూ గోలు ముందు నిలబడనివాడిని నిలబెడితే ఇంకేమవుతుంది? టోలిచౌకి దగ్గర కొందరు సైకిళ్ళు ఆపి, పత్తర్ జట్టు పిండి పిండి అయిందని నవ్వారు. మావాళ్ళు తలలు దించుకుని నడుస్తున్నారు. రాజవ్వ ఆగి వెనక్కి తిరిగింది. “ఓడినం. మా పిలగాని చెయ్యి మాకు దక్కింది. మీ కప్పు మీరే వండుకుని తినుండ్రి,” అంది. ఆ మాట చెప్పుకుని నవ్వుకుంటూ, గెలిచొచ్చినవాళ్ళలా ఇంటికి చేరాం.

బాలయ్య చాలా రోజులు నాతో మాట్లాడలేదు. పొద్దున్నే కొలిమికి పోవడం, తిత్తి ఊదడం, రావడం, తినడం. నేనూ మాట్లాడించలేదు. తప్పు చేశానని నాకు అనిపించలేదు, అందుకని బతిమాలలేదు. ఒకరోజు నేను నీళ్ళ కుండతో వస్తుంటే ఎదురొచ్చి, రెండు చేతులతో దాన్ని నా తల మీది నుంచి దించాడు. మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది, కానీ బరువు మోసింది. అతను మళ్ళీ గోలు ముందు నిలబడలేదు. మంచి పని చేశావని ఒక్క మాట అంటే బాగుండేది. అనలేదు. ఆ కుండ దించడంతోనే సరిపెట్టుకోమన్నాడు కాబోలు.

రాజవ్వ పోయి ఎన్నేళ్ళయిందో. క్వారీ గుంతను పూడ్చారు, కొలిమి ఉన్న చోట ఇప్పుడు కార్లు ఆపుకుంటున్నారు. ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. బస్తీకి నీళ్ళ కోసం, బడి కోసం, మా గుడిసెల జాగా కోసం ఎన్ని ఆఫీసుల్లో ఎంతమందితో కొట్లాడానో. ప్రతిసారీ ముందు నా కాళ్ళతో పోయి చూసొచ్చాను. ఆ తర్వాత ఎంత పెద్దవాడు కూర్చోమన్నా కూర్చోలేదు.

నిన్న కింద ఆ గోల్‌కీపరును తిడుతుంటే చేతికర్ర తీసుకున్నాను. వద్దని కోడలు వెంటపడింది. మెట్ల పక్క కమ్మీ పట్టుకుని ఒక్కొక్కటే దిగి టీ కొట్టు దగ్గరికి చేరేసరికి ఆయాసం ముంచుకొచ్చింది. కుర్రవాళ్ళు గబగబా కుర్చీ జరిపారు. నేను కూర్చోలేదు.

“ఆ పిల్లగాని చెయ్యెట్లున్నదో ఎవలన్నా అడిగిండ్రా?” అన్నాను.

మెడలో కార్డు ఉన్న అమ్మాయి ఫోను తీసి ఏదో వెతికి, కిందటి మ్యాచ్‌లోనే వేలు చిట్లిందటండీ, మాకు తెలియదు అంది. తర్వాత ఆ అమ్మాయే, లిఫ్ట్ ఉంది కదా అమ్మమ్మా, ఇంత కష్టపడి మెట్లు దిగడమెందుకు అని అడిగింది.

“మాట్లాడేది ఉన్ననాడు నేను లిఫ్ట్ ఎక్కను బిడ్డ,” అన్నాను.