జర లూజుగా పెట్టిన పైపు

మా ఆయనా నేనూ అమీర్‌పేటలో టైలర్లం. ఎవరి కొలతలు తీసుకున్నా మా ఆయన చివర్న ఒకే మాట అంటాడు: "జర లూజే ఉండనీ." బిగుతైతే కస్టమర్ గొడవకొస్తాడు, వదులైతే ఇంకో కుట్టు వేస్తే సరిపోతుంది. బట్టల వరకు నేనూ ఒప్పుకుంటాను. కానీ మా చిన్న కారు సైలెన్సర్ పైపు తుప్పుపట్టి చిల్లులు పడితే, వెల్డింగ్ షాపులోనూ అదే పాట.

"పాత సైజే ఎయ్యాల్నా అన్నా, పెద్దదా?" అని అడిగాడు షాపతను.

"జర లూజే పెట్టు భాయ్. ఇంజిన్‌కు మంచిగ ఊపిరాడుతది."

నేను పక్కనే నిలబడి ఉన్నాను. నన్నెవరు అడిగారు?

లక్డీకాపూల్‌లో ఒక హోటల్ యూనిఫాంల పని నేనే మాట్లాడి తెచ్చుకున్నాను. కొలతలకు నేనే పోవాలి. కారు నేర్చుకున్నాను, లైసెన్స్ వచ్చింది, ఆయన పక్కన కూర్చుంటే పంజాగుట్ట ఫ్లైఓవర్ చక్కగా ఎక్కించేదాన్ని. ఇక ఒక్కదాన్నే పోవచ్చు అనుకుంటున్నంతలో ఈ పైపు దాపురించింది.

మర్నాడు ట్రాఫిక్‌లో రెండో గేర్‌లో ఫ్లైఓవర్ ఎక్కబోతే బండిలో సత్తువే లేదు. ఊగి ఊగి సగంలో ఆగిపోయింది. వెనకాల హారన్లు చెవులకు చిల్లులు పొడుస్తున్నాయి.

"క్లచ్ ఎమ్మటే ఇడిస్తే ఆగదా మరి?" అని పక్కసీట్లోంచి మా ఆయన అరిచాడు.

"నిన్నటిదాంక సుత గిదే కాలు. మారింది పైపు."

"పెద్ద పైపేస్తే బలం పెరుగుతది గాని తగ్గుతదా? నీ కాలు సెట్టయ్యేదాంక తాళం నా దగ్గర్నే ఉంటది."

ఒళ్లు మండిపోయింది. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నడిపినా వారమంతా అదే తంతు. బండి ఆగడం, ఆయన అరవడం. ఆఖరికి నా కాలునే నేను అనుమానించడం మొదలుపెట్టాను. అదే నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది.

ఇక తాడో పేడో తేలాలని ఆయన్ని బలవంతంగా సనత్‌నగర్‌లో సైలెన్సర్లు చేసేచోటికి లాక్కుపోయాను. అక్కడి మేస్త్రీ కిందికి వంగి చూసి, "గింత ఇంజిన్‌కు గంత పైపా? పొగ జోరుగ పోవాలన్నా. పైపు వెడల్పైతే జోరు తగ్గుతది, మెల్లగ నడిపేటప్పుడు బండి గుంజదు" అన్నాడు.

మా ఆయన నోరు తెరవబోతుంటే నేనే అందుకున్నాను. "కంపెనీ కొలతే వెయ్యన్నా. దారమంత లూజు సుత వద్దు."

కొత్త పైపు బిగించగానే తాళం నేనే తీసుకుని తిన్నగా పంజాగుట్టకు పోనిచ్చాను. ముందు బస్సు నత్తలా పాకుతోంది. రెండో గేర్. బండి ఆగలేదు, ఊగలేదు. పైకెక్కేసరికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా ఆయన సీటుకు చేరగిలబడి, మహా తృప్తిగా అన్నాడు: "చూసినవా, ఇగ సెట్టయింది నీ కాలు."

ఫ్లైఓవర్ దిగి బండి పక్కకు ఆపాను.

"దిగు."

"గిక్కడనా? షాపుకెట్ల పోవాలె?"

"మెట్రో ఉన్నది గదా."

ఆయన దిగి డోరు వేశాడు. నేను గేరు మార్చి లక్డీకాపూల్ వైపు సాగిపోయాను.